రుతువిరతి నా పేరు కాదు

“ఇది రుతువిరతి అండీ,” అంది డాక్టరమ్మ, కాయితాల మీద నుంచి తలెత్తి.

నాకు ఒల్లు మండిపోయింది. పొద్దున్నుంచి ఆ బల్ల మీద కూకోబెట్టి, పేరు రాసుకుని, వయసు రాసుకుని, బరువు తూసి, రగతం తీసి, స్కానింగు తీసి, ఆకరికి ఎవరిదో కాయితం నా ముందెట్టి సదువుతన్నారు.

“సూడు తల్లీ, ఆ రుతువిరతి ఎవులో నాకు తెల్దు. బయట కూకున్నాదేమో, పిలిపించుకో. నా పేరు సీతాలు. ఫిషింగ్ హార్బర్లో సీతాలంటే ఎవుల్నడిగినా సెప్తారు,” అన్నాను.

నర్సు నోటికి సెయ్యి అడ్డమెట్టుకుంది. మా ఆయన అప్పలరాజు మంచి మనిషి, ఎవులికి ఇబ్బందొచ్చినా ముందు లేస్తాడు. తలుపు తీసి వరండాలోకెల్లి, బోటు మీంచి కేకేసినట్టు, “రుతువిరతమ్మా! లోపలికి రమ్మంటన్నారు!” అని అరిసేసాడు. బయట బెంచీల మీద పదిమంది ఆడోళ్లున్నారు. అందరూ నా ఈడోళ్లే. ఒకరి మొకాలొకరు సూసుకున్నారు గానీ ఎవులూ లేవలేదు. నిజం సెప్పాలంటే ఆళ్లందరి పేరూ అదేనని నాకు తరవాత తెలిసింది.

ఆ ఆస్పత్రికి నాను సరదాకి ఎల్లలేదు. హార్బర్లో గవర్రాజు బోట్ల సరుకుకి పాట నాది. పాటంటే సినిమా పాట కాదు, వేలం పాట. తెల్లారకముందే బోటు దిగిన సరుకుని కుప్పలు పోస్తారు. వంజరం ఒక కుప్ప, సందువా ఒక కుప్ప, రొయ్యలు ఒక కుప్ప. కొనేవోళ్లు సుట్టూ మూగుతారు. నాను గొంతెత్తి, ఒకడి ధర మీద ఇంకొకడి ధర ఎక్కించుకుంటా, ఒకటోసారి, రెండోసారి అని, మూడోసారి అన్నానంటే సరుకు ఆడిది. ఇంక దేవుడు దిగొచ్చినా మార్చను. ఈ పాట మా అత్త పాపాయమ్మ నాకిచ్చింది. బంగారం పెట్టలేదు గానీ, తన జాగాలో నన్ను నిలబెట్టి పోయింది. అప్పట్నుంచి ఆ జాగా నాదే.

అలాటి నాకు, వేట ఆగిపోయే ముందు రోజుల్లో ఒక పొద్దున్న, మాంచి వంజరం కుప్ప మీద పాట నడస్తండగా, కడుపులోంచి మొకం మీదకి వేడి ఎక్కిపోయింది. పొయ్యి మీద కుండ మూత తీస్తే ఆవిరి కొట్టినట్టు. రవిక తడిసిపోయింది, సెవులు మండిపోనాయి. గొంతు దాని పాటికి అది నడస్తంది గానీ బుర్ర ఆగిపోయింది. “రెండోసారి” అన్నాను. ఎంతకి రెండోసారో తెలీలేదు! ఇద్దరు కొనేవోళ్లు కుప్ప నాదంటే నాదని కొట్టుకున్నంత పని సేసారు. ఆ వారంలోనే మల్లీ అలగే అయింది. ఇంకో పొద్దున్న, ఎవుడో నవ్వాడని, సేతిలో ఉన్న గంప ఆడి మీదకి ఇసిరేసాను. రాత్రిళ్లు నిద్దర లేదు, ఒల్లంతా సెమట, తెల్లారితే కోపం. నాకే నాను కొత్తగా ఉన్నాను.

గవర్రాజు పెద్దగా మాటలాడే మనిషి కాదు. మొకం పక్కకి తిప్పుకుని, “సీతాలూ, నిషేధం వచ్చేసింది కదా, రెస్టు తీసుకో. మల్లీ బోట్లెల్లినప్పుడు మా మేనల్లుడు సందీపు పాడతాడులే. మైకు కొన్నాడు,” అన్నాడు.

ఎండాకాలంలో సేపలు గుడ్లెట్టే కాలమని రెండు నెలలు పెద్ద బోట్లని సముద్రంలోకి పోనివ్వరు. దాన్నే వేట నిషేధమంటాం. ఆ రెండు నెలల్లో నాను బాగుపడాలి. పడకపోతే మా అత్త జాగాలో సందీపు మైకు నిలబడతాది. అదీ నా బాధ. అందుకెల్లాను డాక్టరు కాడికి.

ఆ డాక్టరమ్మ పేరు హరిచందన. సన్నగా, సక్కగా ఉంది. గోదారోళ్ల పిల్ల, ఉక్కు టౌన్‌షిప్‌లో పెరిగింది. మాటకోసారి అండీ అండీ అంటాది, మధ్యలో ఇంగ్లీషు పోసేస్తాది.

“రుతువిరతి అంటే మెనోపాజ్ అండీ,” అని నవ్వాపుకుని, పెన్ను తీసింది. “హాట్ ఫ్లషెస్ ఉన్నాయా?”

“మాకు ఫ్లష్షు లేదమ్మా, బకెట్టే. వేన్నీళ్ల ఫ్లష్షు ఎవులింట్లో ఉంటాది?”

“నైట్ స్వెట్స్?”

“స్వీట్లు ముట్టుకోను. సుగరు మా వంశంలో ఉంది.”

ఆవిడ ఏటో రాసుకుంది. “మూడ్ స్వింగ్స్ ఉన్నాయా అండీ?”

దీనికి మా ఆయన అందుకున్నాడు. “మూడేటండి, రోజుకి ముప్పై ఉంటాయి!”

మరేటనుకుందో, డాక్టరమ్మ పెన్ను పక్కనెట్టి, సేతులు కట్టుకుని, పిల్లలకి పాఠం సెప్పినట్టు సెప్పడం మొదలెట్టింది. “ఈ వయసులో ఓవరీస్ ఫెయిల్ అవుతాయండీ. హార్మోన్ లోపం వస్తుంది. లోపల టిష్యూ క్షీణించి ఎండిపోతుంది. దానికి హార్మోన్ రీప్లేస్‌మెంట్ ఉంది. కానీ రిస్క్ ఉంటుంది. బ్రెస్ట్ క్యాన్సర్, క్లాట్స్, స్ట్రోక్...”

“రీప్లేస్‌మెంటా?” అన్నాడు అప్పలరాజు కుర్చీ ముందుకి లాక్కుని. “పాత పార్టు మాకిచ్చేత్తారా అండి?”

“ఏ పార్టు అండీ?”

“అదే, మీరు తీసేది. మెకానిక్కులు మోసం సేత్తారండి. పాతది సేతిలో పడితే గానీ నాను నమ్మను.”

మా ఆయన బోటుకి స్రాంగు, అంటే బోటు నడిపేవోడు. ఇంజన్లో ఏది మార్చినా పాత పార్టు గుడ్డలో కట్టించుకుని ఇంటికి తెచ్చుకునే అలవాటు. మా మంచం కింద రెండు పంపులూ, నాలుగు బేరింగులూ ఉన్నాయి. ఆయన్నేటంటాం గానీ, నా సెవుల్లో మాత్రం ఒకే మాట తిరగతంది.

“ఏటన్నావు? ఎండిపోయిందా?” అన్నాను.

“అవునండీ, డ్రైనెస్ అంటాం...”

“పచ్చి సేప అమ్ముడవ్వకపోతే ఉప్పేసి ఎండబెడతాం మేము. నన్ను మిగిలిపోయిన సరుకంటావేటి?”

“అయ్యో, అలా కాదండీ...”

“మరెలగ? ఫెయిలంట, లోపమంట, ఎండిపోయిందంట, ఆ పైన కేన్సరంట! ఏ వేలంలోనూ నన్నింత తక్కువకి ఎవులూ పాడలేదు. పద రాజా!”

సీర కుచ్చిళ్లెత్తి పట్టుకుని బయటికొచ్చేసాను. ఎనకాల ఆవిడ పిలస్తానే ఉంది. మా ఆయన గుమ్మం కాడ ఆగి ఆవిడికి దణ్ణమెట్టి మరీ వచ్చాడు. ఆటోలో దారి పొడుగూతా నాను తిడతానే ఉన్నాను, ఆటోవోడు కూడా ఊఁ కొట్టాడు పాపం.

ఇంటికొచ్చాక కోపం దిగింది, బయం ఎక్కింది. ఫెయిలయ్యిందంటే ఏటి ఫెయిలయ్యింది? కేన్సరనే మాట ఎందుకొచ్చింది? పక్కింటి గురువమ్మ వచ్చి, నా మంచం మీద కాల్లు సాపుకుని కూకుని, “ఓలమ్మా, దానికింత ఆలోసనేటే? సంచి తీయించియ్. మా సెల్లెలు తీయించీసుకుంది, మా ఆడబిడ్డ తీయించీసుకుంది. పీడా పోతాది,” అన్నాది. సంచంటే గర్భసంచి. మా కాడ ఆడదానికి ఏ బాదొచ్చినా, కడుపునొప్పైనా నడుంనొప్పైనా, ఆకరికి ఆ సంచి మీదకే వచ్చి ఆగుతాది మాట. ఆనందపురం అవతల ఎవులో డాక్టరున్నాడంట, సోమారం ఎల్తే మంగలారం తీసేస్తాడంట. గురువమ్మ ఫోన్ సేసి నా పేరు సెప్పేసింది కూడాను.

“ఆ డాక్టరమ్మ ఇంకా ఏటో సెప్పబోయింది. నువ్వు ఇన్లేదు,” అన్నాడు మా ఆయన తువ్వాలు తడిపి నా మెడ మీద పెడతా.

“అయితే ఆవిడ కాడికే పో. నా బదులు రీప్లేస్‌మెంటు తెచ్చుకో.”

 ఆయన ఆ తువ్వాలు మల్లీ తడిపి తెచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కాదు, మా అత్త జాగా మీద. కోత కోయించుకుని మంచానపడితే నిషేధం అయిపోయేసరికి నాను లేవగలనా? లేవకపోతే? సోమారం ఎల్లాలో, మానాలో తెలీక కొట్టుమిట్టాడిపోనాను.

ఆదివారం పొద్దున్న హార్బర్లో కూకున్నాను. పెద్ద బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి గానీ నాటు పడవలకి నిషేధం లేదు కదా, ఆళ్లు తెచ్చిన సిన్న సరుకు అమ్ముతన్నారు. నాను ఐస్ ఫ్యాక్టరీ గుమ్మంలో, సల్లగాలి తగిలే కాడ సేరబడ్డాను. అక్కడ నాలాటోళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు రోజూ సేరతారు. ఎందుకొచ్చామో ఎవులూ అడగం, ఎవులూ సెప్పం.

సూస్తే ఎదురుగా ఆ డాక్టరమ్మ! సుడిదార్ పైకెత్తి పట్టుకుని, బురద తప్పించుకుంటా వస్తంది. కూడా ఒక పెద్దాయన, సేతిలో సంచీ. ఆవిడ నాన్నంట, సేపల కోసం ప్రతి ఆదివారం వస్తాడంట. ఆయన అటు జోగమ్మ గంప కాడ బేరానికి కూకున్నాడు. ఈవిడ సరాసరి నా కాడికొచ్చేసింది.

“మీ కోసమే అడుగుతూ వస్తున్నానండీ. సీతాలు అంటే నిజంగానే అందరూ చెప్పారు, మీ పాట సంగతి కూడా. మొన్న మీరు ఎందుకు కోప్పడ్డారో నాకు అర్థం కాలేదు. రెండు రోజుల్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. కూర్చోనా?”

ఐసు పెట్టె తిరగేసి ఇచ్చాను. కూకుంది. అంతదూరం వచ్చిన పిల్లని ఇంకేటని తిడతాం?

“మీ నాన్న ఏటి సేసీవోరు?” అని అడిగాను.

“స్టీల్ ప్లాంట్లో ఫోర్‌మన్ అండీ. రిటైరయ్యారు.”

“ఫెయిలయ్యారా?”

“ఛ, అదేంటండీ! రిటైరయ్యారు.”

“దండేసారా?”

“వేశారు. శాలువా కప్పారు, వాచీ ఇచ్చారు. అందరూ కలిసి ఇంటిదాకా వచ్చి దింపారు.”

“మరి నా లోపల ఉన్నవి నలభై ఏళ్లు డ్యూటీ సేసాయి. నైటు షిఫ్టులతో సహా. ఇద్దరు పిల్లల్నిచ్చాయి. ఆటికి దండెయ్యకపోతే పోనీ, ఫెయిలంటావేటమ్మా?”

డాక్టరమ్మ పకపకా నవ్వేసింది. ఐస్ ఫ్యాక్టరీ గుమ్మంలో ఉన్న మిగతా ఆడోళ్లు కూడా ఇటు తిరిగారు.

“నిజమేనండీ. మా పుస్తకాల్లో అలాగే ఉంటుంది. ఫెయిల్యూర్, డెఫిషియన్సీ. రోజూ అనీ అనీ, వినేవాళ్లకి ఎలా ఉంటుందో మర్చిపోయాను. సరే, ఆ మాటలు మానేస్తాను. మరి మీరు చెప్పండి, మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?”

ఆ మాట కోసం ఎతుక్కున్నాను. 

ఏటంటాం? నెల నెలా వచ్చేదాన్నే “అది” అంటాం. బయట కూకున్నాదంటాం. రాకపోతే నెల తప్పింది, నీల్లోసుకుంది అంటాం. ఇంకెప్పటికీ రాకపోతే ఏటంటాం? ఏటీ అనం. మా అత్త ఒక్కసారి, అదీ సెవిలో, “ఉడిగిపోనాయే” అని, సుట్టూ సూసుకుని ఎల్లిపోయింది.

“ఏటీ అనం,” అన్నాను.

“ఈ వేడి ఆవిర్లు, అదే హాట్ ఫ్లషెస్, ఎన్నాళ్ల నుంచి వస్తున్నాయి మీకు?”

“ఏడాది దాటింది.”

“ఎవరికి చెప్పారు?”

“ఎవులికీ సెప్పలేదు.”

“నేను తప్పు మాటలు అన్నానండీ, ఒప్పుకుంటాను. మీరు అసలు మాటే అనలేదు. ఏడాది పాటు నిద్ర లేకుండా, ఎందుకో తెలియకుండా, ఒక్కరే భరించారు. ముందే వచ్చుంటే మీ పాట దాకా వచ్చేది కాదు కదా,” అంది.

పిల్ల మెత్తగానే అంది గానీ నాకు గట్టిగా తగిలింది. నాను హార్బరంతా ఇనబడేలా అరిసే మనిషిని. నా ఒంటి సంగతికొచ్చేసరికి గొంతు ఎక్కడికి పోయింది?

“ముట్లుడగడం,” అన్నాను. గట్టిగానే అన్నాను. పక్కనున్న ఆడోళ్లు ఉలిక్కిపడ్డారు. “అదీ మాట. ముట్లుడిగిపోనాయి.”

“ఉడిగిపోవడం అంటే మాత్రం బాగుందా అండీ? ముసలిదాన్ని అన్నట్టు లేదూ?” అంది ఆవిడ అనుమానంగా.

“గాలి ఉడుగుతాది, వాన ఉడుగుతాది. గాలి ఉడిగితే సముద్రం సచ్చిపోద్దేటి?”

ఆవిడ ఆ మాటని రెండు మూడు సార్లు నోట్లోనే అనుకుంది. అప్పుడు నాను సోమారం సంగతి సెప్పాను, సంచి తీయించుకోబోతన్నానని. పిల్ల మొకంలో నవ్వు పోయింది.

“వద్దండీ. మీ స్కాన్ నేను చూశాను, మీ గర్భసంచికి ఏమీ లేదు. బాగున్నదాన్ని ఎందుకు కోయించుకోవడం? సంచి తీస్తే ఆవిర్లు పోవు. దాంతో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఇంకా ఎక్కువైపోతాయి. మొన్న నేను చెప్పబోయింది అదే.”

 అంటే, మొన్న ఇంకొక్క నిమిషం కూకుని ఉంటే ఇదంతా తెలిసీదే కదా! కోపమొకటుంది నాకు, ముందు అది లేస్తాది, తరవాత నాను లేస్తాను.

“మరి నీ మందుతో కేన్సరొస్తాదన్నావు?”

“వస్తుందని అనలేదండీ. చెప్తాను వినండి. ఈసారి లేచిపోకండి.” వేలు సూపించింది. “జెల్ ఇస్తాను, చేతికి రాసుకోవాలి. రాత్రి ఒక మాత్ర. దీనివల్ల ఆవిర్లు తగ్గుతాయి, నిద్ర పడుతుంది. నెలసరి మళ్లీ మొదలవ్వడం కోసం ఇచ్చేది కాదు ఇది. చాలా ఏళ్లు వాడితే రొమ్ము క్యాన్సర్ వచ్చేవాళ్లు కొంచెం పెరుగుతారు. కొంచెమే, కానీ పెరుగుతారు. అందుకని ముందు పరీక్షలు చేస్తాను, తరవాత కూడా ఏటేటా చూస్తాను. కొందరికి ఈ మందు అసలు పనికిరాదు. మీకు పనికొస్తుందో లేదో చూశాకే ఇస్తాను.”

“ఆ కేన్సరు మాట కాస్త మెత్తగా సెప్పొచ్చు కదమ్మా, బయ్యంగా ఉంటాది.”

“అది మాత్రం మెత్తగా చెప్పను. మాట మారుస్తాను గానీ నిజం మార్చను.”

అప్పుడు నచ్చింది నాకా పిల్ల. సరుకు బాగుంటే బాగుందని, ముల్లుంటే ముల్లుందని సెప్పి అమ్మేవోళ్లంటే నాకు గౌరవం.

“ఇంకొకటండీ,” అంది లేస్తా, గొంతు తగ్గించి. “మొన్న ఎండిపోవడం అని అన్నాను కదా. అది ఎలా అడగాలి మరి?”

“మంటగా ఉందా, నొప్పిగా ఉందా అని అడుగు. ఉంటే ఉందని సెప్తాను. అంత సదువుకుని అదేటమ్మా, మనిషిని అడిగినట్టు అడగొచ్చు కదా.”

“ఉందా?”

“ఉంది,” అన్నాను. సిగ్గేసింది గానీ, సెప్పేసాక తేలిగ్గా ఉంది. దానిక్కూడా మందుందంట. ఇన్నాళ్లూ దానికి మందుంటాదని కూడా తెల్దు నాకు.

గురువమ్మ సేత ఆనందపురం డాక్టరుకి ఫోన్ సేయించి, రానని సెప్పించాను. ఆవిడికి కోపమొచ్చి రెండు రోజులు మాటాడలేదు, మూడో రోజు ఆ జెల్లు పేరేటని ఆవిడే అడిగింది. పరీక్షలన్నీ అయ్యాయి. మందు మొదలెట్టాను. మా ఆయన ఆ జెల్లు గొట్టం మూత ఇప్పి వాసన సూసి, “గ్రీజు బాగుంది,” అన్నాడు. రోజూ గుర్తు సేసీవోడు, “గ్రీజెట్టావా?” అని. మొదట్లో ఏటీ తేడా లేదు, తిట్టుకున్నాను. తరవాత్తరవాత ఒక రాత్రి పడుకున్నదాన్ని తెల్లారాక లేసాను. లేసి సూస్తే దిండు పొడిగా ఉంది. మా ఆయన్ని కుదిపి లేపి మరీ సెప్పాను. ఆవిర్లు పూర్తిగా పోలేదు, తగ్గాయి. బుర్ర కుదురుకుంది. గంపలు ఇసరడం మానేసాను.

నిషేధం అయిపోయింది. బోట్లు ఎల్లాయి, నిండుగా తిరిగొచ్చాయి. ఆ పొద్దున్న గవర్రాజు మొదటి బోటు సరుకు దించతన్నారు. నాను సీర బిగించి మా అత్త జాగాలో నిలబడ్డాను. పక్కనే సందీపు, మెడలో మైకు పెట్టి. గవర్రాజు అటూ ఇటూ కాకుండా మద్దిలో నిలబడ్డాడు.

“మావయ్య నన్ను పాడమన్నాడు సీతాలత్తా,” అన్నాడు సందీపు, మంచిగానే.

“మొదటి కుప్ప నన్ను పాడనీ. తప్పితే నానే దిగిపోతాను. నీ మైకుకి అడ్డురాను,” అన్నాను గవర్రాజుని సూసి. గవర్రాజు తలూపాడు.

మొదలెట్టాను. గొంతు లేసింది. సందువా కుప్ప, మాంచి సైజు. ధర ఎక్కతంది, కొనేవోళ్లు ముందుకి తోసుకుంటన్నారు. నాకు ఉషారొచ్చేసింది. ఒకటోసారి అన్నాను. అప్పుడే, సెప్పాపెట్టకుండా, కడుపులోంచి ఆ వేడి లేసింది. మునపటంత కాదు. కానీ లేసింది. సెవులు మండాయి. సెమట కారింది. కొనేవోళ్లు నా మొకం సూస్తన్నారు. గవర్రాజు సూస్తన్నాడు. ఒకప్పుడైతే దాచుకోడానికి ఇంకా గట్టిగా అరిసీదాన్ని, అందులోనే లెక్క తప్పీది.

సెయ్యెత్తి పాట ఆపాను.

“ఆగండి! నాకు ముట్లుడుగుతన్నాయి. ఆవిరొచ్చింది. ఒక్క నిమిషం ఉంటాది, పోతాది. ఎవులూ కదలకండి, పాట ఎక్కడుందో అక్కడే ఉంటాది.”

 ఐసు మోసేవోడు పెట్టె బుజం మీదే పెట్టుకుని నిలబడిపోయాడు. ఒకడు నేల సూసాడు, ఒకడు సముద్రం సూసాడు. జోగమ్మ మాత్రం గంప కింద పెట్టి, కొంగుతో నా మొకం మీద ఇసరడం మొదలెట్టింది. “నాకూ మొన్నటిదాకా ఇంతేనే. తీరుబడిగా కానీ,” అన్నాది అందరికీ ఇనబడేటట్టు. ఎనకాల ఇంకెవరో, “నాకిప్పుడూ వస్తంది,” అన్నాది. ఆడోళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. వేడి ఎలగొచ్చిందో అలగే దిగిపోయింది.

ఎంతకాడ ఆపానో నాకు గుర్తుంది. అదే ధర గట్టిగా సెప్పి, “రెండోసారి!” అన్నాను. మూడోసారి అన్నాను. సరుకు కొన్నోడు నోరెత్తలేదు, కొననోడూ నోరెత్తలేదు.

గవర్రాజు నా కాడికి వచ్చాడు.  అందరి ముందూ ఆ మాటన్నానని పాట పీకేస్తాడేమో అనుకున్నాను. ఆయన మెడలో తువ్వాలు తీసాడు, మల్లీ ఏసుకున్నాడు.

“సీతాలూ. మా ఇంటిదానికి కూడా... అదే...”

“ఏది?”

“అదే. నువ్విందాకల అన్నావు కదా.”

“సానా అన్నాను. ఏదో సెప్పు.”

“ఆడోళ్లది.”

“ఆడోళ్లయి సానా ఉంటాయి. పేరెట్టి అడుగు గవర్రాజూ, నాకు సెప్పడానికి వీలుగా ఉంటాది.” ఏడిపిద్దామనే అన్నాను, అబద్దమెందుకు.

పెద్ద మనిషి. నాలుగు బోట్ల ఓనరు. సుట్టూ ఒకసారి సూసుకుని, పిల్లి గొంతుతో, “ముట్లుడగడం,” అన్నాడు. అని, తలొంచుకుని, ఇంకా సిన్నగా అన్నాడు: “కనకరత్నం మూడేల్ల నుంచి మేడ మీద ఒక్కర్తీ పడుకుంటంది. కిందకి రమ్మంటే కసురుకుంటాది. నామీద ఇష్టం పోయిందనుకున్నాను. నానూ మాటాడ్డం మానేసాను.”

ఏడిపించడం మానేసాను. మూడేల్లు! ఒకే ఇంట్లో, మెట్లకి ఆ పక్కొకరూ ఈ పక్కొకరూ!

“వేడికి పడుకుంటంది ఆవిడ. నీమీద కోపానికి కాదు,” అన్నాను.

జేబులోంచి ఫోన్ తీసి నాకిచ్చాడు. “నువ్వు సెప్పు దానికి. నాకు సెప్పడం రాదు.”

“ఇప్పుడే కదా సక్కగా అన్నావు. అలగే అను. హరిచందన డాక్టరమ్మ అని ఉంది, తీసుకెల్తానని సెప్పు. నువ్వు కూడా లోపల కూకో, బయట బెంచీ మీద కాదు.”

నొక్కాడు. ఎత్తింది ఆవిడ. ఈయన ఆ మాట మల్లీ అన్నాడు, తడబడి, సగం మింగి, మల్లీ మొత్తం అన్నాడు. “అందుకేనా కనకం, మేడ మీద?” అని అడిగాడు.  అవతల నుంచి ఏడుపు ఇనబడింది. గవర్రాజు గోడ వైపు తిరిగిపోయాడు.

“ఏడకు. వస్తన్నాను,” అన్నాడు. “ఉండు, ఇప్పుడే వస్తన్నాను.”

“మావయ్యా, సరుకో?” అని కేకేసాడు సందీపు.

ఆయన నడస్తానే నా వైపు సెయ్యి సూపించి, బండి తాళాలు వెతుక్కుంటా ఎల్లిపోయాడు. నాను గొంతు సవరించుకుని రొయ్యల కుప్ప మొదలెట్టాను.